గెస్సో నెర్రెలిచ్చింది, రంగు బురదైంది

ప్రశ్న:

అక్కా, మాది గుంటూరు, బ్రాడీపేట. బ్యాంకులో పనిచేస్తాను. పిల్లాడు పడుకున్నాక రాత్రి పదింటికి డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరుచుకుని రంగులేసుకోవడం నాకున్న ఒక్క సరదా. మూడు నెలలుగా రకరకాల సామగ్రి కలిపి వేసే మిక్స్‌డ్ మీడియా బ్యాక్‌గ్రౌండ్లు చేస్తున్నాను. డ్రాయింగ్ షీట్ మీద గెస్సో (రంగులకి ముందు వేసే తెల్లటి పూత) మందంగా పూసి, దువ్వెనతో గీస్తాను. ఫ్యాను కింద పెట్టి, తొందరగా ఆరాలని హెయిర్ డ్రయర్ కూడా కొడతాను. ఆపైన ఆక్రిలిక్ రంగులు. వీడియోల్లో వాళ్ళకి పాత గోడలాగా, తుప్పుపట్టిన తలుపులాగా ఎంత అందంగా వస్తుందో! నాకేమో గెస్సో పగిలిపోతోంది, కాగితం అప్పడంలా లేస్తోంది, ఎన్ని రంగులు వేసినా చివరికి ఒకటే బురద. మొన్న మా అత్తగారు చూసి "పిడకలు కొట్టిన గోడలా ఉందే" అన్నారు. వెక్కిరించలేదు, మామూలుగానే అన్నారు. గెస్సో డబ్బా ఖరీదు కూడా తక్కువేం కాదు. ఫెవికాల్‌లో చాక్ పౌడర్ కలిపి ఇంట్లోనే చేసుకోవచ్చంటున్నారు, నిజమేనా? ఇంకో సంగతి. ఎప్పుడైనా ఒకటి బాగా కుదిరితే దానిమీద బొమ్మ వేయడానికి చెయ్యి రాదు. అలా కుదిరినవి నాలుగు అల్మారాలో అలాగే ఉన్నాయి. బాగా రాని మూడింటి ఫోటోలు పంపుతున్నాను.

(గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం:

మీ ఫోటోలు మూడింటినీ ఫోన్‌లో పెద్దవి చేసుకుని చూశాను. మీ అత్తగారి మాట కొట్టిపారేయకండి. ఆవిడకి తెలియకుండానే జబ్బేమిటో సరిగ్గా చెప్పారు. పిడక గోడకి ఎలా అంటుకుని ఉంటుందో మీ గెస్సో కాగితానికి అలా ఉంది, ముద్దగా, ఎప్పుడు ఊడదామా అన్నట్టు.

ఇంటికి రంగులు వేయించినవాళ్ళ మాటల్లో చెప్తాను. పెయింటర్ వచ్చి గోడకి లప్పం పెడతాడు, ఆరాక ఎమరీ పేపర్‌తో రుద్దుతాడు, ప్రైమర్ కొడతాడు, ఆ తర్వాతే రంగు డబ్బా మూత తీస్తాడు. లప్పం పని గుంటలు పూడ్చడం, మందం ఇవ్వడం. ప్రైమర్ పని పైన వేసే రంగుకి పట్టు ఇవ్వడం. గెస్సో ప్రైమర్ జాతిది. మీరు దానిచేత లప్పం పని చేయిస్తున్నారు.

మొదటి ఫోటోలో దువ్వెన గీతల మధ్య గట్టు చూడండి. పక్కన పడున్న పెన్సిల్ మందంలో సగం ఉంది. అంటే మూడు, నాలుగు మిల్లీమీటర్లు. డబ్బాలో వచ్చే ఆక్రిలిక్ గెస్సోలో ముఖ్యంగా ఉండేవి ఆక్రిలిక్ జిగురు, తెల్లదనానికి టైటానియం డయాక్సైడ్, గరుకు కోసం కాల్షియం కార్బొనేట్, అంటే మన సుద్ద. మిగతాది నీళ్ళు. నీళ్ళు ఎగిరిపోయేకొద్దీ ముద్ద కుంచించుకుపోతుంది. పల్చటి పూత అయితే ఆ సంగతి మనకి తెలియదు. మందంగా ఉంటే పైభాగం ముందు ఆరి తోలు కడుతుంది, లోపల ఇంకా పచ్చిగా ఉంటుంది. లోపలిది ఆరుతూ లాగడం మొదలుపెట్టేసరికి పైన తోలు చిరుగుతుంది. మీ గుంటూరు చుట్టూ రేగడి చేలు ఎండాకాలం నెర్రెలిచ్చేదీ నీళ్ళు పోయి మట్టి కుంచించుకోవడం వల్లే. దానికి తోడు మీ ఫ్యాను, పైనుంచి హెయిర్ డ్రయర్. రోహిణి కార్తెకి రోళ్ళే పగులుతాయంటారు, ఇక గెస్సో ఎంత!

కాబట్టి గెస్సో ఎప్పుడూ పల్చగా, రెండు పూతలు. మొదటిది అడ్డంగా, అది పూర్తిగా ఆరాక రెండోది నిలువుగా. నున్నగా కావాలంటే మధ్యలో 220 నంబరు ఎమరీ పేపర్ తడిపి తేలిగ్గా రుద్దండి. పొడిగా రుద్దితే లేచే తెల్లపొడి పిల్లాడున్న ఇంట్లో మంచిది కాదు.

మరి మందం దేనితో? దానికి మోడలింగ్ పేస్టు లేదా టెక్స్చర్ పేస్టు అని వేరే డబ్బా ఉంటుంది. అది చిక్కగా ఉంటుంది, ఎత్తుగా నిలబడటానికే తయారుచేస్తారు. అయినా ఒక్కసారికి రెండు మూడు మిల్లీమీటర్లు దాటించకండి. ఇంకా ఎత్తు కావాలంటే ఒక రాత్రి ఆరనిచ్చి ఇంకో పొర. డ్రయర్ బుట్టలో పడేయండి, అంటే ఈ పనికి. జుట్టుకి వాడుకోండి.

ఈ రెండు పనుల తేడా కొండపల్లి బొమ్మ చేసేవాళ్ళ దగ్గర కళ్ళారా చూడొచ్చు. తెల్లపొణికి చెక్కని చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్ళూ అతికిస్తారు, వంపులు దిద్దుతారు. అది ఆరాక సున్నం పూత. ఆ తెలుపు మీదే రంగు. మందం మక్కుది, తెలుపు సున్నానిది. గెస్సో అన్నది ఇటాలియన్ మాట, సుద్ద, జిప్సం అనే అర్థంలో. అక్కడ కూడా పాతకాలంలో జంతువుల చర్మం ఉడికించి తీసిన జిగురులో జిప్సమో సుద్దో కలిపి చెక్కకి పూసేవారు. మనం డబ్బాలో కొనే ఆక్రిలిక్ రకం నిన్నమొన్నటిది. 1955లో అమెరికాలో లిక్విటెక్స్ పేరుతో నీళ్ళలో కలిసే ఆక్రిలిక్‌లు అమ్మకానికి వచ్చాయి, గెస్సో వాటితోనే వచ్చింది. కొండపల్లి మీకు గంటన్నర దూరం కూడా ఉండదేమో, ఒక ఆదివారం పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళండి. మక్కు పెట్టేటప్పుడు వాళ్ళ బొటనవేలు ఎలా కదులుతుందో చూడండి. నేను పేస్టు పూసే చిన్న కత్తి, అదే పాలెట్ నైఫ్, పట్టుకోవడం అక్కడ చూశాకే మార్చుకున్నాను.

కాగితం లేవడం గురించి రెండు ముక్కలు. డ్రాయింగ్ షీట్ ఈ పనికి ఆగదు. 300 జీఎస్ఎమ్ మందం వాటర్ కలర్ పేపర్ గానీ కాన్వాస్ బోర్డు గానీ తీసుకోండి. పేపర్ అయితే నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అట్టకి అంటించి పూయండి. ఆరాక కూడా వంకర ఉంటే వెనకవైపు కూడా ఒక పూత వేయండి, ముందు వెనక సమానంగా లాక్కుని చదునవుతుంది.

ఇక ఇంట్లో చేసుకునే గెస్సో. చేసుకోవచ్చు. ఒక వంతు ఫెవికాల్, ఒక వంతు తెల్ల ఆక్రిలిక్ రంగు, రెండు వంతులు చాక్ పౌడర్. పొడిని టీ వడకట్టే జల్లెడలో రెండుసార్లు జల్లించండి, లేకపోతే ఉండలు కడుతుంది. నీళ్ళు చెంచా చెంచాగా పోస్తూ దోసెల పిండి జారుడుకి తీసుకురండి. రవ్వట్ల పిండి అంత పల్చన వద్దు, ఇడ్లీ పిండి అంత గట్టిగా వద్దు. ఆ పూటకి ఎంత కావాలో అంతే కలపండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మాత్రం కలపకండి. నీళ్ళు తగిలిన పది పదిహేను నిమిషాల్లో గిన్నెలోనే గట్టిపడటం మొదలవుతుంది, కాగితం మీద ఆరాక కాస్త వంచితే పెచ్చులూడుతుంది.

దీనితో ఒక చిక్కు ఉంది. మామూలు తెల్ల ఫెవికాల్ ఆరినా తడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. ఆక్రిలిక్ జిగురు ఆరితే ఇక నీళ్ళకి లొంగదు. కింద నేను చెప్పబోయే పద్ధతిలో తడిగుడ్డతో తుడవడమే ప్రాణం. ఫెవికాల్ గెస్సో మీద తడిగుడ్డ పెడితే రంగుతోపాటు తెలుపు కూడా గుడ్డకి వచ్చేస్తుంది. అందుకని ఇంట్లో చేసిందాన్ని కింద పూతలకి వాడి, చివరి పూత మాత్రం కొన్న గెస్సోతో వేయండి. డబ్బా చాలా ఎక్కువ కాలం వస్తుంది. నేర్చుకునే రోజుల్లో నేను అలాగే చేశాను. అమ్మే బొమ్మకీ, ఎవరికైనా బహుమతిగా ఇచ్చే బొమ్మకీ మాత్రం పూర్తిగా కొన్నదే వాడతాను. పదేళ్ళ తర్వాత ఎవరింట్లోనో అది పెచ్చులూడితే నా పేరే పోతుంది.

ఫెవికాల్ మాట వచ్చింది గనక నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. కొత్తలో గరుకు కోసం బొంబాయి రవ్వ కలిపాను. చూడటానికి అద్భుతంగా వచ్చింది, పాత రాతిగోడలాగే ఉంది. ఫ్రేము కట్టించి విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో హాల్లో పెట్టాను. వానాకాలం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే చూస్తే ఫ్రేము మూలనుంచి చీమల బారు, గోడ మీదుగా వంటింటి దాకా. అద్దం తీసి చూస్తే రవ్వ ఉన్నచోటల్లా చిన్న చిన్న గుంటలు, లోపల పురుగు. బొమ్మ పారేశాను, ఫ్రేము ఉంచుకున్నాను. బియ్యం, పప్పులు, రవ్వ, మసాలా దినుసులు, తినేదేదీ మన ఊళ్ళలో బొమ్మలోకి వద్దు. వీడియోల్లో చలిదేశాల వాళ్ళు కాఫీ పొడి చల్లుతుంటారు, వాళ్ళకి చెల్లింది.

తిననివి బోలెడున్నాయి. ఇసుక అన్నిటికన్నా మంచిది. మీ వీధిలో ఎక్కడో ఒక అపార్ట్‌మెంట్ లేస్తూనే ఉంటుంది కదా, పిడికెడు అడిగితే కాదనరు. నాలుగైదు నీళ్ళు మార్చి కడిగి, ఎండబెట్టి, జల్లించి పేస్టులో కలపండి. ఫ్రెంచి చిత్రకారుడు బ్రాక్ 1912 ప్రాంతంలోనే రంగులో ఇసుక కలిపాడు. అదే ఏడాది పికాసో కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్కని కాన్వాస్‌కి అంటించి చుట్టూ ఫ్రేముకి బదులు తాడు చుట్టాడు. మనం చేసేది కొత్త వింతేమీ కాదు. దోమతెర ముక్క, పాత చీర అంచు లేసు, ఉల్లిపాయల వల సంచి, బబుల్ రాపర్, గడువు తీరిన ఏటీఎం కార్డు (మీ బ్యాంకులో కొరత ఉండదు), మీ దువ్వెన. ఇవన్నీ పేస్టు పచ్చిగా ఉన్నప్పుడు అద్ది, వెంటనే తీసి, వెంటనే కడిగేయాలి. కోడిగుడ్డు పెంకు బాగుంటుంది గానీ లోపలి పొర తీసి, ఉడికించి వాడండి. లేకపోతే వాసన.

గుంటూరులో ఉన్నారు గనక మీకు ఒక అదృష్టం ఉంది, మిర్చి టిక్కీల (బస్తాల) గోనె. ఆ నేత వదులుగా, మొరటుగా ఉంటుంది. అరచేయంత ముక్క కత్తిరించి పచ్చి పేస్టు మీద అదిమి తీస్తే గళ్ళు గళ్ళుగా అచ్చు పడుతుంది, అక్కడక్కడ పీచు అంటుకుని మిగిలిపోతే ఇంకా బాగుంటుంది. కానీ ముందు రెండుసార్లు సబ్బుతో ఉతికి ఆరేయండి. నాకు గుంటూరు నుంచి చెల్లెలు తెచ్చిచ్చిన సంచిని నేను ఉతక్కుండా బల్లమీద దులిపాను. ఆ రోజు బొమ్మ లేదు, తుమ్ములే.

ఇప్పుడు అసలు విషయం, మీ బురద.

మీ రెండో ఫోటోలో కింద నారింజ ఉంది, దాని పచ్చి మీదే నీలం, ఆపైన ఆకుపచ్చ, చివర్లో అన్నిటినీ కలిపి కాస్త వెలుగు తెద్దామని తెలుపు. నారింజా నీలమూ ఒకదాన్నొకటి చంపుకునే జంట. ఎరుపు–ఆకుపచ్చ, పసుపు–ఊదా కూడా అంతే. ఒకటి ఆరాక దాని మీద ఇంకోటి వేస్తే పక్కపక్కన నిలబడి మెరుస్తాయి, తడిలో కలిపితే మట్టిరంగు. ఇక తెలుపు చేసిన నష్టం వేరు. తెలుపు అపారదర్శకం, వెనక ఉన్నదాన్ని కప్పేస్తుంది. మీరు అంత కష్టపడి దువ్వెనతో గీసిన పల్లాలన్నీ తెలుపు కలిసిన ముద్దరంగుతో నిండిపోయాయి. గట్టూ పల్లమూ ఒకే రంగు అయ్యాక గీత ఎక్కడ కనిపిస్తుంది?

మీ మూడు ఫోటోల్లోనూ పూసిన గుర్తులే ఉన్నాయి, తుడిచిన గుర్తు ఒక్కటి లేదు. పండక్కి ఇత్తడి చెంబు చింతపండుతో తోమినప్పుడు చూసే ఉంటారు. ఎత్తుగా ఉన్న చోట్లు మెరుస్తాయి, నగిషీ గుంటల్లో నలుపు అలాగే ఉండిపోతుంది. ఆ నలుపు వల్లే లత, పువ్వు కంటికి తెలుస్తాయి. మీ పేజీ కూడా చెంబు లాంటిదే, తోమాలి.

ఈ వారం ఒక పేజీ ఇలా చేసి చూడండి. గెస్సో రెండు పూతలు, పైన పేస్టుతో గీతలు, గోనె అచ్చు, అంతా రాత్రి చేసి వదిలేయండి. పొద్దున చేత్తో తడమండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు, అలాగే ఉంచండి. గది వేడికి వచ్చేశాక పేజీ అంతా ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) పల్చగా ఒక పూత. అది ఆరాక బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ) శనగగింజంత తీసుకుని, అందులో నీళ్ళు అయిదారు చుక్కలు. తెలుపు డబ్బా మాత్రం వేరే గదిలో పెట్టేయండి. పేజీలో అరచేయంత చోటులోనే పూసి, బ్రష్‌తో పొడిచి రంగుని పల్లాల్లోకి దించండి. పది, పదిహేను లెక్కపెట్టండి. పాత నూలు బనీను గుడ్డ తడిపి గట్టిగా పిండి, చూపుడు వేలికి బిగించి చుట్టుకోండి. మడతల్లో ఉంటే గుడ్డ పల్లంలోకి దిగిపోతుంది. వేలు గట్టు మీద మాత్రమే ఆనేలా, అదమకుండా, ఒక్కసారి లాగండి. గుడ్డకి గోధుమరంగు చార అంటుతుంది, గట్టు మీద ఓకర్ మళ్ళీ బయటికొస్తుంది, పక్క పల్లంలో అంబర్ ఆగిపోతుంది. గుడ్డ తిప్పి శుభ్రంగా ఉన్న చోటుతో పక్క గట్టు. మురికి గుడ్డతో రెండోసారి లాగితే తీసిన రంగునే మళ్ళీ పూసినట్టు. ఆ అరచేయి చోటు అయ్యాకే పక్క చోటు. అంచుల దగ్గర గీత పడకుండా ఇంకా తడిగా ఉండగానే కలుపుకుంటూ వెళ్ళండి.

తుడిచినా పోవట్లేదు, పేజీ అంతా మరక అయిపోయిందంటారా, అది గెస్సో గుణం. సుద్ద కదా, రంగుని తాగేస్తుంది. ఆ మరక నాకైతే ఇష్టమే. గట్లు ఇంకా శుభ్రంగా కావాలనుకుంటే అంబర్‌కి ముందు మ్యాట్ మీడియం (రంగు లేని, మెరవని ఆక్రిలిక్ జిగురు) పల్చటి పూత ఒకటి వేసి ఆరనివ్వండి, రంగు పైపైనే ఉండి సులువుగా వస్తుంది. అలా మీడియం వేసిన పేజీ మీద మాత్రం రంగులో నీళ్ళు తగ్గించండి. నీళ్ళు మరీ ఎక్కువైతే జిగురు పలచబడి, ఆరాక రంగు చేతికి రాలుతుంది.

ఆ పల్లాల పని అయ్యాక గట్ల పని. వెడల్పాటి పొడి బ్రష్, దాని మొనకి కాస్త లేత రంగు, న్యూస్‌పేపర్ మీద తుడిచేసి దాదాపు ఏమీ లేదనిపించాక పేజీని పడుకోబెట్టి, బ్రష్ కూడా పడుకోబెట్టి గట్ల మీంచి రాసుకుంటూ పోండి. తెలుపు కావాలంటే ఇక్కడ, ఇంతే. అది కూడా పేజీ మొత్తం కాదు, ఒక మూలనుంచి వెలుగు పడుతోందనుకుని ఆ వైపు మాత్రం.

రంగులు మొత్తం మూడు మించొద్దు. ఓకర్, అంబర్, ఇంకొకటి మీ ఇష్టం. తుప్పుపట్టిన తలుపు అన్నారు కాబట్టి మూడోది నీలిపచ్చ తీసుకోండి, రెండు మూడు చోట్ల చుక్కలుగా. థాలో బ్లూ అనే ఘాటు నీలం అయితే సూదిమొనంత చాలు. ఆ రంగు ఇంట్లోకొచ్చిన చుట్టం లాంటిది, కాస్త చోటిస్తే ఇల్లంతా తనదే. ఇంకొక సంగతి, ఆక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగు వేరు, ఆరాక వేరు. పచ్చి జిగురు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే గాజులా అయిపోతుంది. అందుకే ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. రాత్రి ట్యూబులైటు కింద "ఇంకొంచెం" అని మీరు పూసినవన్నీ పొద్దున్నకి ఎందుకు నల్లబడ్డాయో తెలిసిందిగా.

మన ఎండల సంగతి కూడా చూసుకోవాలి. విజయవాడైనా గుంటూరైనా మే నెలలో ఫ్యాను కింద ఆక్రిలిక్ పాలెట్ మీదే తోలు కడుతుంది, లెక్కపెట్టేలోపే పేజీ మీద ఎండిపోతుంది, తుడుద్దామన్నా రాదు. ఎండాకాలం తుడుపు పని తెల్లవారుజామున పెట్టుకోండి, ఫ్యాను ఆపేయండి, ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో పేజీ మీద సన్నగా నీళ్ళు చల్లుకుంటూ చేయండి. మీ రాత్రి పదింటి వేళ గెస్సోకీ పేస్టుకీ సరిగ్గా సరిపోతుంది, పొద్దున్నదాకా దాని మానాన అది ఆరుతుంది. రాత్రి అచ్చులు, ఆదివారం పొద్దున రంగులు అనుకోండి. ఒక్క రాత్రిలో పేజీ పూర్తవ్వాలన్న తొందరే మీ చేత డ్రయర్ పట్టించింది.

అల్మారాలో దాచానన్న ఆ నాలుగు పేజీలూ ఒకదానిమీద ఒకటి ఉన్నాయా? ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు వెళ్ళి విడదీయండి. ఆక్రిలిక్ ఆరినా వేడికి మెత్తబడుతుంది, బరువు పడితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒక వేసవి సెలవులకి ఊరెళ్ళి వచ్చేసరికి నా నమూనా పేజీలు పదహారు ఇటుకలా అయిపోయాయి. విడదీస్తే ఒకదాని రంగు ఇంకోదాని వీపు మీద. మధ్యమధ్య బటర్ పేపర్ పెట్టి, నిలబెట్టి ఉంచండి.

ఇక కుదిరిన పేజీ మీద చెయ్యి రాకపోవడం. ఇది నైపుణ్యం లోపం అనుకోకండి, నాకూ ఉంది. నాలుగూ చూడలేదు కాబట్టి ఊహించి చెప్తున్నాను. మీరు అంచు నుంచి అంచు దాకా ఒకే జోరుతో అచ్చులు వేసి ఉంటారు. అలాంటి పేజీ దానికదే నిండిపోయి ఉంటుంది. పెళ్ళి పందిట్లో అన్ని మైకులూ మోగుతుంటే మీరు మాట్లాడటానికి సందేదీ? ఇకమీదట పేస్టు తీసే ముందే బొమ్మ ఎక్కడ కూర్చుంటుందో పెన్సిల్‌తో గుండ్రం గీసుకోండి. పిచ్చుకో, దీపమో, మీ అబ్బాయి ముఖమో, ఏదైనా. ఆ గుండ్రంలో పల్చటి గెస్సో తప్ప ఏమీ వద్దు. అచ్చులన్నీ దాని చుట్టూ, దూరం పోయేకొద్దీ మోటుగా.

ఇప్పటికే ఉన్న నాలుగింటికి వేరే దారి. స్టేషనరీ షాపులో స్పైరల్ బైండింగ్‌కి పైన వేసే పారదర్శక ప్లాస్టిక్ షీటు ఉంటుంది. అది పేజీ మీద పరిచి, దానిమీద మార్కర్‌తో బొమ్మ వేసి చూడండి. జరపండి, తుడవండి, పెద్దది చేయండి, పేజీకి ఏమీ కాదు. చోటు కుదిరాక ఆ బొమ్మ పడే మేర మాత్రం గెస్సోలో నీళ్ళు కలిపి పల్చటి తెర ఒకటి వేయండి. వెనక అచ్చు మసగ్గా కనిపిస్తూనే ఉంటుంది, బొమ్మకి చోటు దొరుకుతుంది. కింద ఉన్న ఆక్రిలిక్ ఆరిపోయి గట్టిపడింది కాబట్టి, పైన వేసిన బొమ్మ నచ్చకపోతే పచ్చిగా ఉండగానే తడిగుడ్డతో తీసేయొచ్చు. సన్నమొన పెన్నులు మాత్రం వాడకండి, గెస్సో గరుకు వాటి మొనల్ని తినేస్తుంది. బ్రష్ గానీ ఆక్రిలిక్ మార్కర్ గానీ తీసుకోండి. నాలుగింటిలో ఒకదానిమీద ఏమీ వేయబుద్ధి కాకపోతే అలాగే ఫ్రేము కట్టించేయండి. మా హాల్లో చీమల బొమ్మ ఉన్న ఫ్రేములో ఇప్పుడున్నది అలాంటిదే.

పగిలిన పేజీ కూడా పారేయకండి. మూడింటిలో నాకు నచ్చింది అదే. మ్యాట్ మీడియంలో సమానంగా నీళ్ళు కలిపి నెర్రెల్లోకి ఇంకేలా రెండుసార్లు పూయండి, ఊడిపోబోయే పెచ్చులు కరుచుకుంటాయి. ఆరాక అంబర్ పూసి తుడవండి. గట్ల మీది రంగు తుడుచుకుపోయి నెర్రెలు నల్లగా నిలబడతాయి. మీరు వీడియోల్లో చూసిన పాత గోడ అదే. తుడిచాక మీ అత్తగారికి చూపించి ఆవిడేమన్నారో రాయండి.

బ్రష్‌లు, దువ్వెన సింకులో కడగకండి. ముందు న్యూస్‌పేపర్‌కి తుడిచేసి, ఒక మగ్గులో కడిగి, ఆ నీళ్ళు రాత్రంతా కదపకుండా ఉంచితే సుద్ద అడుక్కి దిగుతుంది. పై నీళ్ళు పారబోసి, అడుగుది కాగితంలో ఎత్తి చెత్తలో వేయండి. మా సింకు గొట్టంలోంచి ప్లంబర్ తీసిన గెస్సో ముద్ద కోడిగుడ్డంత ఉంది, గట్టిగా, తెల్లగా.